కొవ్వొత్తిని ఆర్పిన వాయువు – మన ఇంటి ఏసీ కథ

ఏసీకి మన పత్రికలవారు పెట్టిన పేరు "వాతానుకూల యంత్రం". సమాసం బాగానే కుదిరింది. వాతమనగా గాలి, దానిని అనుకూలంగా మార్చే యంత్రం. అయితే ఎవరికి అనుకూలమన్నది ఆ సమాసం చెప్పదు. గదిలో దుప్పటి కప్పుకొని పడుకున్నవానికి అనుకూలమే. మూడో అంతస్తు సన్‌షేడ్ మీద ఒంటి చేత్తో కిటికీ కమ్మి పట్టుకొని, రెండో చేత్తో నట్టు బిగించే కుర్రవానికి ఎంతవరకు అనుకూలం? తెలుగు పాఠాలు చెప్పుకొని బతికినవాడికి యంత్రాల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. కానీ ఈ యంత్రానికీ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకపోతే, ఇప్పుడు మన ఇళ్ళలోకి వచ్చిన ప్రమాదం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదు.

యంత్రం రాకముందు చల్లదనం ఇంటి కట్టుబడిలోనే ఉండేది. మా రాయలసీమ మట్టి మిద్దెలకు గోడలు మందం, కిటికీలు చిన్నవి. ఇంటిముందు వేపచెట్టు, దాని కింద నులక మంచం, మూలన ఇసుకలో కుదురుగా కూర్చున్న నీళ్ళకుండ. కలిగినవారు వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టించి నీళ్ళు చల్లించేవారు. తిరుపతికి పశ్చిమాన చంద్రగిరి కోటలోని రాజమహల్ చూసినవారికి ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. రాతితో, ఇటుకతో, సున్నంతో లేపిన ఆ మందపాటి గోడల లోపలికి అడుగుపెడితే, బయటి ఎండకూ లోపలి నీడకూ ఎంత తేడానో ఒంటికే తెలుస్తుంది. ఈ పద్ధతులలో ఏదీ మనిషి ప్రాణం తీసేది కాదు. కుండ పగిలితే నీళ్ళు పోతాయి, అంతే.

ఈ చంద్రగిరినుంచే 1639లో విజయనగర ప్రభువు ఇంగ్లీషువారికి చెన్నపట్నంలో స్థలం ఇచ్చాడని చెబుతారు. ఆ స్థలంలో కోట కట్టుకున్న తెల్లవారికి మన ఎండ పడలేదు. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు బోస్టన్‌నుంచి ఓడలో మంచుగడ్డలు కలకత్తాకు పంపాడు. బయలుదేరినవి 180 టన్నులు, నాలుగు నెలల ప్రయాణం తరువాత మిగిలినవి సుమారు 100. తరువాత మద్రాసులోనూ మంచు నిలవ చేయడానికి సముద్రపు ఒడ్డున ఒక గుండ్రని భవనం లేచింది. అదే ఐస్ హౌస్. 1897లో వివేకానందులు బస చేసింది అందులోనే. అప్పటికి మంచును ఇక్కడే యంత్రాలతో తయారుచేయడం వచ్చి, ఆ ఓడల వ్యాపారం మూతపడింది.

మంచు చేసే యంత్రం వెనుక ఉన్న సూత్రం మన నీళ్ళకుండదే. ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని తీసుకుంటుంది. కుండలో ఆ ఆవిరి గాలిలో కలిసిపోతుంది. యంత్రంలో దానిని పోనీయరు. కంప్రెసర్‌తో ఒత్తి, వేడిని బయటికి వదిలించి, మళ్ళీ ద్రవంగా మార్చి, మళ్ళీ లోపలికి తిప్పుతారు. మన ఏసీలో ఇండోర్ యూనిట్, అవుట్‌డోర్ యూనిట్, వాటి మధ్య రెండు రాగి గొట్టాలు ఉన్నది ఇందుకే. చలిదేశాలలో ఇదే యంత్రాన్ని తిరగవేసి, బయటి వేడిని ఇంట్లోకి తెచ్చుకుంటారు. దానిని హీట్ పంప్ అంటారు. 1851లో ఫ్లోరిడాలో జాన్ గోరీ అనే వైద్యుడు మంచు చేసే యంత్రానికి పేటెంటు పొందాడు. జ్వరపు రోగుల గదులు చల్లబరచాలని ఆయన తాపత్రయం. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయానికి గాలిలో తేమను అదుపుచేసే యంత్రం రూపొందించాడు. తేమకు కాగితం సాగి, రంగుల అచ్చు చెదిరిపోతోందని ఆయన దగ్గరకు వచ్చారు. అనగా నేటి ఏసీకి మూలపురుషుడైన యంత్రం పుట్టింది మనిషి కోసం కాదు, కాగితం కోసం! అక్షరాలు నమ్ముకున్నవాళ్ళం, ఇది విని కొంచెం సంతోషించవచ్చు.

ఇక గొట్టాలలో తిరిగే వాయువు సంగతి. మొదట్లో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. మొదటి రెండూ ఘాటైనవి, కారితే ముక్కు పట్టేస్తుంది. మూడోదానికి వాసన తక్కువ, అందుకే అది మరీ ప్రమాదకరం. 1920ల చివర అమెరికాలో ఇళ్ళలోని ఫ్రిజ్‌లనుంచి అది కారి, నిద్రలోనే చనిపోయినవారున్నారు. అప్పుడు థామస్ మిడ్గ్లీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు విషం కాని, మండని వాయువు ఒకటి కనిపెట్టాడు. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో ఆయన దానిని గుండెనిండా పీల్చి, ఎదురుగా వెలుగుతున్న కొవ్వొత్తి మీదికి ఊదాడు. కొవ్వొత్తి ఆరిపోయింది. ఆయనకేమీ కాలేదు.

మాకు దగ్గరి శ్రీకాళహస్తిలో వాయులింగం ఎదుట రెపరెపలాడే దీపాన్ని చూపి, గాలి ఉన్నదనడానికి ఇదే సాక్ష్యం అంటారు. మిడ్గ్లీ ఆర్పిన దీపమూ ఒక సాక్ష్యమే. ఇది పీల్చినా చావరు, నిప్పు తగిలినా మండదు అని లోకమంతా నమ్మింది. ఆ కుటుంబపు వాయువులే ఆర్-12గా ఫ్రిజ్‌లలోకి, ఆర్-22గా ఏసీలలోకి వచ్చాయి. ఎనభై ఏళ్ళపాటు ప్రపంచంలోని మెకానిక్కుల చేతివాటం ఈ నమ్మకం మీదే ఏర్పడింది. గొట్టంలో గాలి ఉంటే కాస్త గ్యాసు వదిలి తరిమేయడం, పాత గ్యాసు పీకి ఆకాశంలోకి వదలడం, పక్కన బీడీ వెలుగుతున్నా పట్టించుకోకపోవడం అలా అలవాటైపోయాయి. అది వాళ్ళ తప్పని నేననను. ఆ వాయువు వాళ్ళకు నేర్పిన పాఠం అది.

మనిషి ముంగిట దోషం చూపని ఆ వాయువు ఆకాశంలో దోషం చూపింది. 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఈ వాయువులు పైకి పోయి ఓజోన్ పొరను తినేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పలచబడిన సంగతి లోకానికి తెలిసింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. ఆర్-12 వంటివి 2010 నాటికి తయారీ నిలిచిపోయాయి. వాటికంటే తక్కువ హాని చేసే ఆర్-22కు గడువు ఎక్కువ ఇచ్చారు. మన దేశంలో 2025 జనవరినుంచి కొత్త యంత్రాల తయారీలో దానిని వాడరాదు. 2016 నాటి కిగాలీ సవరణ ఇంకో మెట్టు ఎక్కింది. ఓజోన్‌ను తినకపోయినా భూమిని వేడెక్కించే వాయువులనూ క్రమంగా తగ్గించాలన్నది దాని సారం. 2021లో మన దేశం దానికీ ఆమోదం తెలిపింది.

ఆర్-22కు బదులు వచ్చినవాటిలో రెండింటిని ఇక్కడ చెప్పుకోవాలి. ఒకటి ఆర్-32. జపానులో 2012లో దీనితో ఇంటి ఏసీలు మొదలై, ఇప్పుడు మన బజారులో ఎక్కువగా దొరికేవి ఇవే. రెండవది ఆర్-290, అంటే ప్రోపేన్. మన వంట సిలిండరులోని గ్యాసుకు సాక్షాత్తు తోబుట్టువు. 2012లోనే మన దేశంలో ఒక సంస్థ దీనితో ఏసీలు అమ్మకానికి పెట్టింది. భూమిని వేడెక్కించే గుణం చూస్తే, బొగ్గుపులుసు వాయువుతో పోల్చినప్పుడు ఆర్-22 సుమారు 1,800 రెట్లు, ఆర్-32 సుమారు 675 రెట్లు. ప్రోపేన్‌కు అది లెక్కలోకి రానంత తక్కువ. ఆకాశానికి మేలే. కానీ ఈ రెండూ మండుతాయి. ప్రోపేన్ గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆర్-32 అంత తేలికగా అంటుకోదు, దానికి నూటికి పధ్నాలుగు పాళ్ళ దాకా కావాలి. అంటుకుంటే మాత్రం ఊపిరితిత్తులను కాల్చే విషవాయువు పుడుతుంది. పైగా దాని పీడనం ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఆకాశాన్ని కాపాడుకోవడానికి మనం ఒప్పుకొన్న ప్రమాదం, మళ్ళీ యంత్రం విప్పే మనిషి చేతి దగ్గరకే వచ్చి చేరింది. వాయువు మారింది. చేతివాటం మారలేదు.

తిరుపతిలో ఇది కళ్ళకు కడుతుంది. ఒకప్పుడు ఏసీ అంటే సినిమా హాలు బయట బోర్డు మీద కనబడే మాట. అది కూడా సగం చోట్ల "ఎయిర్ కూల్డ్" అని ఉండేది! ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరిలో, మిద్దెలు పోయి కాంక్రీటు పెట్టెలు వచ్చాక ఏసీ మధ్యతరగతి ఇంటి సామాను అయింది. ఇంకో విశేషం. సత్యవేడు, తడ ప్రాంతంలోని శ్రీసిటీలో 2023లో బ్లూస్టార్, డైకిన్ సంస్థల ఏసీ కర్మాగారాలు పని మొదలుపెట్టాయి. నిన్నటిదాకా చిత్తూరు, నెల్లూరు జిల్లాలలో ఉండి, 2022 ఏప్రిల్‌నుంచి తిరుపతి జిల్లాలో కలిసిన నేల అది. అక్కడ యంత్రం ప్రతి మెట్టు దగ్గరా పరీక్షకు నిలబడి పెట్టెలోకి ఎక్కుతుంది. ఆ పెట్టె మన వీధిలో దిగాక, దానిని గోడకెక్కించేది ఎండాకాలం మూడు నెలలకు పనిలో చేరిన కుర్రవాడు కావచ్చు. ఐటీఐలలో ఈ విద్యకు రెండేళ్ళ చదువు ఉంది. 2019లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది మెకానిక్కులకు శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. అయినా వీధిలో చాలామందికి గురువు పక్కనున్న అన్నే.

నా దగ్గర తెలుగు చదువుకున్నవాడొకడు ఇప్పుడు ఈ పనిలో ఆరితేరాడు. ఛందస్సు వాడికి పట్టుబడలేదు గానీ గొట్టానికి ఫ్లేరింగ్ చేయడంలో యతిభంగం ఉండదు. వాడు నాతో అన్నమాట ఇది: "అయ్యోరా, గ్యాసు మారిందని డబ్బా మీద రాసుంటాది. చేతికి చదువు రాదు గదా, దానికి పాతదే గుర్తుంటాది." ఇంతకంటే బాగా నేను చెప్పలేను. వాడినడిగి తెలుసుకున్నవి, పుస్తకాలలో సరిచూసుకున్నవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. పని చేసేది మనం కాకపోయినా, చేయించుకునేది మనమే కనుక తెలిసి ఉండాలి.

అవుట్‌డోర్ యూనిట్ బరువు పాతిక, ముప్పై కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దానిని బిగించడానికి ఇద్దరు రావాలి. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడుకు లోపల గట్టి ఆధారం ఉండాలి. సన్‌షేడ్ నిలబడడానికి కట్టినది కాదు. వీలైతే మేడ మీదో బాల్కనీలోనో, రేపు సర్వీసుకు వచ్చేవాడు నేల మీద నిలబడి అందుకునే చోట పెట్టించుకోవాలి.

గొట్టాలు కలిపాక కారుతున్నదేమో చూడడానికి నత్రజని నింపి సబ్బునీళ్ళు పూయాలి. వెల్డింగు సిలిండరు దగ్గరుంది కదా అని ఆక్సిజన్ ఎక్కించరాదు. కంప్రెసర్‌లోని నూనెతో అది కలిస్తే పేలుతుంది. తరువాత గొట్టాలలోని గాలిని, తేమను వాక్యూమ్ పంపుతో లాగాలి. గ్యాసు వదిలి గాలిని తరిమే పాత పద్ధతి ఇప్పుడు పనికిరాదు. యంత్రం ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మార్చేటప్పుడు గ్యాసును అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి బంధిస్తారు. అప్పుడు కంప్రెసర్ తిరుగుతుండగానే గొట్టం విప్పితే లోపలికి గాలి చేరుతుంది. గాలి, నూనె, వేడి కలిస్తే కంప్రెసర్ బాంబు అవుతుంది. ముందు కరెంటు ఆపాలి, ఆ తరువాతే నట్టు విప్పాలి.

ఈ కొత్త వాయువులు గాలికంటే బరువైనవి, కారితే నేలబారున పేరుకుంటాయి. పని జరిగేటప్పుడు కిటికీలు తెరవాలి. వంటింట్లో స్టవ్వు, దేవుడి గదిలో దీపం, అగరువత్తి ఆర్పాలి. గొట్టంలో గ్యాసు ఉండగా మంట పెట్టి అతుకు వేయకూడదు. ఆర్-22 ఏసీలో చవకగా దొరికిందని ప్రోపేన్ నింపడం కొన్నిచోట్ల జరుగుతోంది. ఆ పాత యంత్రంలోని స్విచ్చులు మండే వాయువు కోసం చేసినవి కావు, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఎంసీబీ ఆపాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది. దానిని ఖాళీ చేయకుండా చేయి పెట్టరాదు. ఎర్తింగు లేని ఏసీని ఇంట్లో ఉంచుకోవడం, పామును పెంచుకోవడం ఒకటే.

చివరిగా, ఏసీ గ్యాసును పెట్రోలులా తాగదు. గొట్టం బాగుంటే ఏళ్ళ తరబడి అదే తిరుగుతుంది. "ఏడాదికోసారి గ్యాసు పట్టించాలి" అని ఎవరైనా అంటే, ఎక్కడో కారుతున్నదని అర్థం. ముందు అది వెదికి మూయించాలి. తరువాత డబ్బా మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి నింపించాలి.

అమెరికాలో ఉన్న మన మిత్రులకు ఈ మార్పు కొత్త కాదు. అక్కడ 2025నుంచి కొత్త ఇంటి ఏసీలు, హీట్ పంపులు ఆర్-32, ఆర్-454బి అనే కొద్దిగా మండే వాయువుల వైపు మళ్ళాయి. అక్కడ ఈ వాయువులను ముట్టుకునే మెకానిక్కు ప్రభుత్వ నియమం ప్రకారం పరీక్ష పాసై సర్టిఫికెట్ పొంది ఉండాలి. మన ఊళ్ళలో ఆ సర్టిఫికెట్ అడిగే ఆచారం లేదు. మనం అడిగేది ఒక్కటే: "ఎంతకు చేస్తావు?" మూడువందలు తగ్గించమని బేరమాడినప్పుడు మెకానిక్కు తగ్గించుకునేది తన లాభం కాదు. వాక్యూమ్ పంపు తిరగవలసిన అరగంటను తగ్గిస్తాడు. నత్రజని సిలిండరు మోసుకురావడం మానేస్తాడు. రెండో మనిషిని తీసుకురాడు. తాడు బండిలోనే వదిలేస్తాడు. మన బేరం ఖరీదు వాడు తన ఒంటితో కడుతున్నాడు.

కనుక ఈ వేసవిలో ఏసీ పెట్టించుకునేవారు, సర్వీసు చేయించుకునేవారు మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఉన్నది ఏ గ్యాసు? వాక్యూమ్ పంపు తెచ్చావా? బెల్టు, తాడు ఉన్నాయా? మూడింటికీ జవాబు సరిగా వస్తే అడిగినంత ఇచ్చి, ఒక చెంబుడు చల్లని మజ్జిగ కూడా ఇవ్వండి. అప్పుడే ఆ సమాసం ఇద్దరి విషయంలోనూ సార్థకమవుతుంది.

ఈ పని తెలిసిన మిత్రులు ఇంకా జోడించవలసినవి ఉంటే తెలియజేయ ప్రార్థన.

స్వస్తి.