పిల్లను ఇచ్చే తల్లికి మూడు నెలల గడువు

మన ఇళ్లలో దత్తత అంటే ఎక్కువగా తమ్ముడి కొడుకు పెదనాన్న ఇంటికి వెళ్లడమే. వంశం నిలవాలి, పొలం చేతులు మారకూడదు. కన్నతల్లి పండక్కో పెళ్లికో పిల్లాణ్ణి చూసుకునేది. బాధ లేదని కాదు, కనీసం ఎక్కడున్నాడో తెలుసు. అదే బిడ్డ సముద్రం దాటితే?

ఒకప్పుడు విదేశీ దంపతులు మన పిల్లల్ని తీసుకెళ్లడానికి సరైన చట్టమే లేదు. 1956 నాటి దత్తత చట్టం హిందువులకే. అందుకని తెల్లదొరల కాలంలోని 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టులో సంరక్షకులుగా అనుమతి తెచ్చుకుని, బిడ్డను విమానం ఎక్కించి, దత్తత తమ దేశంలో చేసుకునేవారు. మధ్యలో డబ్బు చేతులు మారేది. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది ఈ అక్రమాల మీద సుప్రీంకోర్టుకు ఉత్తరం రాస్తే, కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది.

1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెప్పారు. ముందు మన దేశంలోనే అమ్మానాన్నల్ని వెతకాలి. విదేశీయులైతే వాళ్ల దేశంలో గుర్తింపున్న సంస్థ ద్వారానే రావాలి, ఇల్లూ సంపాదనా ఆరోగ్యమూ విచారించిన రిపోర్టు ఉండాలి. తీసుకెళ్లాక బిడ్డ ఎలా ఉందో తెలియజేస్తుండాలి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. బిడ్డ పుట్టకముందు గానీ, పుట్టిన మూడు నెలల్లోపు గానీ, ఇచ్చేస్తామనే నిర్ణయం కన్నవాళ్ల చేత తీసుకోనివ్వకూడదు. బాలింత మనసు ఎలా ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా! మగ జడ్జీలకి అది తట్టినందుకు సంతోషం వేసింది.

1990లో దత్తతల పర్యవేక్షణకు ఢిల్లీలో 'కారా' వచ్చింది. 1993లో హేగ్ ఒప్పందం కుదిరింది. ఇన్ని ఉన్నా 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ శిశు గృహాల బాగోతం బయటపడింది. నల్గొండ వైపు లంబాడీ తండాల్లో మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టగానే దళారులు వాలిపోయి, కాస్త డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్లేవారు. తప్పుడు కాగితాలు పుట్టేవి. ఆ మూడు నెలల మాట తండా దాకా చేరలేదన్నమాట. పేదరికం, ఆడపిల్ల అనే కారణాలతో బిడ్డల్ని అప్పగిస్తే తీసుకోకూడదని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ కరువు మాత్రం ఉత్తర్వుతో పోదు కదా.

హేగ్ ఒప్పందాన్ని మన దేశం 2003లో ఆమోదించింది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చాక తల్లి బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందే అప్పగించాలి. మనసు మారితే రెండు నెలల్లో వెనక్కి తీసుకోవచ్చు. కమిటీ ఎదురుగా కూర్చుని తల్లితో మాట్లాడటం మంచిదే. గడువు మాత్రం మూడు నెలలే ఉంచాల్సింది అనిపిస్తుంది నాకు.

తండాల నుంచి వెళ్లిన పిల్లలకి ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. పెద్దయ్యాక తమ మూలాలు వెతుక్కునే వీలు నిబంధనల్లో ఉంది. కానీ వెతకడం మొదలయ్యేది ఆనాటి ఫైలుతోనే. అందులో తల్లి పేరు, ఊరు అబద్ధమైతే ఆ పిల్ల ఏ తండాకని వస్తుంది?