తూటా తగిలిన గొంతు

పోయిన నెల మన కూటంలో నేను సంఘం లెక్కలు చదువుతుంటే వెనక వరసలోంచి ఒకరు "మామ పొద్దున్నే వేసుకొచ్చినట్టున్నాడే" అన్నారు. అందరూ నవ్వారు. ఇంకొకరు లేచి రసీదులు చూపమన్నారు. ముప్పయ్యేళ్లు రైల్వేలో టికెట్లిచ్చినవాణ్ణి, ఇట్లా ఎవరూ అడిగింది లేదు.

సంగతేమంటే, నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ఆ గ్రంథి వెనకాలే స్వరపేటికకు పోయే నరం ఉంటుంది. అది దెబ్బతింటే ఒక పక్క స్వరతంత్రి కదలదు, మాటతోబాటు గాలి జారిపోతుంది. మారింది గొంతు, లెక్క కాదు.

ఇంటికొచ్చాక ఎంజీఆర్ గుర్తొచ్చారు. 1967 జనవరి 12న రామాపురం తోట ఇంట్లో ఎం.ఆర్. రాధా ఆయన్ని కాల్చారు. తూటా చెవి దగ్గర దూరి మెడలో ఆగింది. ప్రాణం దక్కింది, గొంతు మారిపోయింది. మరుసటి నెలే ఎన్నికలు. మెడకు కట్టుతో ఉన్న ఫోటో ఊరూరా గోడలెక్కింది. ప్రచారానికి పోకుండానే పరంగిమలైలో గెలిచారు, డీఎంకే తొలిసారి గద్దెనెక్కింది. ఆ కట్టే గెలిపించిందని మా పెద్దలనేవారు. నేనంత దూరం పోను. బియ్యం కరువు, హిందీ వ్యతిరేక పోరాటం కూడా ఉన్నాయి గదా.

అదే ఏడు సెప్టెంబరులో 'కావల్కారన్' వచ్చింది. వేరేవాళ్లతో చెప్పించకుండా ఆయనే మాట్లాడారు. నేను తర్వాతెప్పుడో టెంట్ కొట్టాయిలో అమ్మ పక్కన కూర్చుని చూశాను. తమిళ మీడియంలో చదివినవాణ్ణి, ఏ అక్షరం ముద్దయిపోయిందో నా చెవికి తెలుసు. పాట రాగానే టి.ఎం. సౌందరరాజన్ గొంతు గణగణమంటుంది, పాట ముగియగానే మళ్లీ ఆ ముద్ద మాట. ఒక్కరూ నవ్వలేదు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎందుకంటే ఆ గొంతు వినకముందే, దానికి ఏమైందో కొట్టాయిలో అందరికీ తెలుసు. నాకు తెలిసిన మిమిక్రీ వాళ్లంతా పట్టుకున్నది కూడా ఆ దెబ్బతిన్న గొంతునే.

1984 అక్టోబరులో జబ్బుపడి ఆయన మాట ఇంకా పోయింది. బ్రూక్లిన్ ఆసుపత్రిలో ఉండగానే డిసెంబరులో ఆండిపట్టిలో గెలిచారు. తర్వాత ఆయన చెప్పేది సగం అర్థమయ్యేది కాదు. అయినా 1987 డిసెంబరు 24న పోయేదాకా ఆయనే ముఖ్యమంత్రి.

నా ఆపరేషన్ సంగతి కూటంలో ఎవరికీ చెప్పలేదు, అది నా తప్పే. మెడకు కట్టు కట్టుకుని పోయుంటే సరిపోయేదేమో! వచ్చే కూటంలో కూడా లెక్కలు నేనే చదువుతాను. రసీదులు ఫైలు కట్టి పెట్టాను, కావలసినవాళ్లు చూసుకోవచ్చు.