పుర్రె దొరకని కోటసారస్, పేరు తెలియని తాతమ్మ

దసరా సెలవుల్లో పిల్లలిద్దర్నీ తీసుకుని హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్ళాం. అక్కడి డైనోసార్‌ని చూడాలని మావాడు ఎప్పట్నించో ఒకటే పోరు. నాకేమో, మా అమ్మాయి బళ్ళో ఇచ్చిన వంశవృక్షం అట్ట మీద ఖాళీగా వదిలేసిన గడి ఒకటి మనసులో మెదులుతూనే ఉంది. అది మా అమ్మకి నానమ్మది. ఆవిడ భర్త పేరు, మామగారి పేరు కూడా గడగడా చెప్పగలిగాను. ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. అందరూ "పెద్దమ్మ" అనేవారట, అంతే.

మ్యూజియంలో ఉన్నది కోటసారస్. కోట అంటే గోల్కొండ లాంటి కోట కాదండోయ్! ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది. ఆ ఊరి పేరుతో పిలిచే రాతిపొరల్లో దొరికింది కనుక ఆ పేరు. సారస్ అంటే గ్రీకులో బల్లి. పూర్తిపేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఎముకలు బయటపడింది తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన పి. యాదగిరి గారు 1988లో ఈ పేరు పెట్టారు.

ఇది సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటి శాకాహారి. అప్పటికి మన నేల ఆఫ్రికా, అంటార్కిటికాలతో కలిసే ఉంది. చచ్చిన జంతువు ఎముకల మీద ఏటి ఇసుక, ఒండ్రు పేరుకుపోతే, నీటిలోని ఖనిజాలు వాటిలోకి మెల్లగా ఇంకి, కాలం గడిచేకొద్దీ రాయిలా మారుస్తాయి. అదే శిలాజం.

"అమ్మా, ఇదంతా ఒక్క డైనోసారేనా?" అన్నాడు మావాడు.

కాదు. అక్కడ దొరికినవి 840 ఎముకల భాగాలు. కనీసం 12 జంతువులవి. పుర్రె మాత్రం దొరకలేదు, రెండు పళ్ళు తప్ప. అంటే మనం చూసేది పలు జంతువుల ఎముకలు కూర్చి నిలబెట్టిన రూపం. తల మనుషులు తయారుచేసి పెట్టిందే.

మా అమ్మాయి కాసేపు దాన్నే చూసి, "తల దొరక్కపోయినా దీనికి పేరుంది. అమ్మమ్మ వాళ్ళ నానమ్మకి అదీ లేదు" అంది. మా ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్ చేశాను. తనకీ తెలియదు. ఊళ్ళో ఉన్న అమ్మ మేనత్తని అడిగాం. ఆవిడకి ఎనభై దాటాయి. "అమ్మని పేరు పెట్టి పిలిచినవాళ్ళెవరే?" అంది. కానీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ గంటసేపు మాట్లాడింది. కరువు నాడు పెద్ద గుండిగలో గంజి కాచి వీధిలో పిల్లలందరికీ పోసేదట. చదువు రాకపోయినా పాల లెక్క గోడ మీద బొగ్గుగీతలతో తప్పులేకుండా చూసేదట. ముగ్గు ఎడమచేత్తో పెట్టేదట.

మా అమ్మాయిదీ ఎడమచేతి వాటమే. వింటూనే అట్ట తెచ్చుకుని, ఆ గడిలో ఇవన్నీ చిన్న అక్షరాలతో రాసుకుంది. పేరుకి మాత్రం పైన కాస్త జాగా వదిలింది.

రాళ్ళలో ఎముకలు కోట్ల ఏళ్ళు ఆగుతాయి. మన పెద్దవాళ్ళ జ్ఞాపకాలు అన్నాళ్ళు ఆగవు కదండీ. మీ ఇళ్ళలోనూ అలాంటి ఖాళీ గడి ఉంటే, ఇవాళే ఒక ఫోన్ చేయండి.