చిన్న గ్రహాల వెలుగు లెక్క

నక్షత్రం ఎంత వెలుగుతోందో చెప్పడానికి ఖగోళశాస్త్రజ్ఞులంతా వాడే మాగ్నిట్యూడ్ కొలతకు ఈనాటి రూపం వచ్చింది గ్రహశకలాల పట్టికలో. 1856లో ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకుడిగా పనిచేస్తున్న నార్మన్ పోగ్సన్‌కు అప్పుడు 27 ఏళ్లు. రాబోయే 1857లో ప్రతి నెలా ఒకటో తేదీన 36 గ్రహశకలాలు ఎంత వెలుగుతో కనిపిస్తాయో ముందే లెక్కగట్టి ప్రకటించాడు. ఆ లెక్క నడవడానికి అవసరమైన ఒక చిన్న ప్రతిపాదన కూడా అందులో చేర్చాడు. ఖగోళశాస్త్రం చేతికి కొలబద్ద దొరికింది అక్కడే.

ఆ పట్టిక ఎందుకు కావలసి వచ్చిందంటే, 1801 జనవరి 1న పలెర్మోలో పియాజీ సెరిస్‌ను కనిపెట్టాక 1807 నాటికి మరో మూడు గ్రహశకలాలు దొరికాయి. తర్వాత 38 ఏళ్లు ఒక్కటీ లేదు. 1845లో ఐదోది కనిపించింది మొదలు వరస కట్టాయి. 1856 నాటికి నలభై దాటాయి. టెలిస్కోపులో గ్రహశకలం అచ్చం చుక్కలాగే ఉంటుంది, కదలికను బట్టి పోల్చుకోవాల్సిందే. సూర్యుడి నుంచీ భూమి నుంచీ దాని దూరాలు మారుతుంటాయి కనుక వెలుగూ మారుతుంది. ఈ నెలలో అందేది మూడు నెలలకు టెలిస్కోపుకు చిక్కకుండా పోవచ్చు. ఎక్కడ వెతకాలో తెలిస్తే సరిపోదు, ఎంత వెలుగున్న చుక్క కోసం వెతకాలో కూడా తెలియాలి.

అప్పటికి ఉన్న కొలత ప్రాచీన గ్రీకులది. కంటికి కనిపించే చుక్కలను ఆరు తరగతులు (మాగ్నిట్యూడ్‌లు) చేసి, బాగా వెలిగేవి మొదటి తరగతి, కనీ కనిపించనివి ఆరో తరగతి అన్నారు. టెలిస్కోపులు వచ్చాక ఈ తరగతులను ఎవరికి తోచినట్టు వాళ్లు కిందికి పొడిగించారు. ఒకరి పదో తరగతి ఇంకొకరికి పన్నెండు. తరగతికీ తరగతికీ వెలుగు ఎన్ని రెట్లు తేడా? పోగ్సన్ సొంత పరిశీలనల్లో వచ్చిన జవాబు 2.4. ఇతరుల విలువలు దానికి కాస్త అటూ ఇటూ ఉన్నాయి. ఆయన అన్నింటినీ చూసి 2.512 ఎంచుకున్నాడు. దాని లాగరిథమ్ సరిగ్గా 0.4. ఐదు తరగతుల తేడా అంటే కచ్చితంగా నూరు రెట్లు. దూరాలను బట్టి వెలుగు కట్టే సూత్రంలో గుణకం చక్కగా 5 వస్తుంది. లెక్క సులువు కోసమే ఈ అంకె అని ఆయన దాచకుండా చెప్పాడు. తన 2.4నే పట్టుకు వేలాడకుండా అందరికీ పనికొచ్చే అంకెను ముందు పెట్టిన ఆ గుణం నాకు గొప్పగా తోస్తుంది. హార్వర్డ్, పాట్స్‌డామ్ వేధశాలలు తమ పెద్ద నక్షత్ర పట్టికలకు ఆ నిష్పత్తినే తీసుకోవడంతో అది స్థిరపడింది.

ఆ పోగ్సనే 1861లో మద్రాసు వేధశాలకు ప్రభుత్వ ఖగోళశాస్త్రజ్ఞుడిగా వచ్చాడు. నుంగంబాకంలోని ఆ వేధశాల నుంచి అదే ఏడాది ఏప్రిల్ 17న ఒక గ్రహశకలాన్ని కనిపెట్టి దానికి ఏసియా అని పేరు పెట్టాడు. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటి గ్రహశకలం అదే. మద్రాసు నుంచి మరో నాలుగు కనిపెట్టాడు. వాటిలో 1866 నాటి సిల్వియాకు రెండు చందమామలున్నాయని 2005లో తేలింది. అలాంటి గ్రహశకలం తెలియడం అదే మొదలు. ఆయన దగ్గర పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులి అనే చుక్క వెలుగు మారుతున్నదని పసిగట్టాడు. వెలుగును ఓపికగా పోల్చి చూసే అలవాటు ఆ వేధశాలలో అంతగా నాటుకుంది. పోగ్సన్ 1891లో మద్రాసులోనే కన్నుమూశాడు. రోజూ వేల వేధశాలల్లో ఆయన నిష్పత్తితో లెక్కలు జరుగుతున్నా, ఆయన ముప్పై ఏళ్లు గడిపిన నగరం ఆయన్ను తలచుకునేది తక్కువే. అది నాకు బాధ కలిగిస్తుంది.

పోగ్సన్ పట్టికలో గ్రహశకలం వెలుగును మార్చేది దూరం ఒక్కటే. అది చాలదనడానికి ఒక రుజువు 1901 ఫిబ్రవరిలో దొరికింది. ఈరోస్ అనే గ్రహశకలం వెలుగు కొన్ని గంటల్లోనే పెరిగి తగ్గుతోందని ఎగోన్ ఫాన్ ఒప్పోల్జర్ గమనించాడు. ఆ తేడా ఒక్కోసారి ఒకటిన్నర మాగ్నిట్యూడ్, అంటే నాలుగు రెట్లు. ఈరోస్ నిడుపాటిది. 5 గంటల 16 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతూ, ఒకసారి పొడవు వైపు, ఒకసారి కొస వైపు మనకు చూపుతుంది. సరిగ్గా నూరేళ్లకు, 2001 ఫిబ్రవరిలో, నియర్ షూమేకర్ నౌక దాని మీద దిగింది. దగ్గరి నుంచి తీసిన ఫోటోల్లో పొడవు సుమారు 33 కిలోమీటర్లు, అడ్డం 13.

ఇంకో చిక్కు సూర్యకాంతి పడే కోణంతో వచ్చింది. సూర్యుడు, గ్రహశకలం, భూమి మధ్య కోణం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర పాట్స్‌డామ్‌లో గుస్తావ్ ముల్లర్ దీన్ని కొలిచాడు. 1956లో టామ్ గెరెల్స్ మస్సాలియా అనే గ్రహశకలం మీద పనిచేస్తూ మరొకటి చూశాడు. కోణం సున్నాకు దగ్గరవుతుంటే, అనుకున్న లెక్కను మించి వెలుగు చప్పున పెరుగుతోంది. ఈ ఎగుడును కూడా ఇముడ్చుకునే సూత్రాన్ని 1985 నవంబరులో ఢిల్లీలో జరిగిన అంతర్జాతీయ ఖగోళ సంఘం సమావేశాల్లో ఆమోదించారు. సూర్యుడికీ భూమికీ ఒక్కో ఖగోళ ప్రమాణం (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం) దూరంలో, కోణం సున్నా ఉన్నప్పుడు గ్రహశకలం ఎంత వెలిగేదో ఆ అంకె పేరు హెచ్. దానికి తోడు వాలును చెప్పే జి. కొలతలు లేనప్పుడు జికి 0.15 వేసుకుంటారు. గ్రహశకలాల పట్టికల్లో ప్రతి పేరు పక్కనా హెచ్ కనిపిస్తుంది.

ఆ అంకె నుంచి సైజు చెప్పాలంటే ఉపరితలం ఎంత కాంతిని తిప్పి పంపుతుందో తెలియాలి. కొన్ని బొగ్గులా నల్లనివి, కొన్ని లేత రంగువి. 940 కిలోమీటర్ల సెరిస్ కంటే 525 కిలోమీటర్ల వెస్టా ఎక్కువ వెలుగుతో కనిపించేది అందుకే. హెచ్ 22 ఉన్న గ్రహశకలం నూటికి 5 పాళ్ల కాంతిని తిప్పి పంపితే అది 240 మీటర్లది, 25 పాళ్లు పంపితే 105 మీటర్లది. భూమికి ప్రమాదం కాగలవాటిని ఎంచేటప్పుడు గీత గీసింది ఈ 22 దగ్గరే. పరావర్తనం సంగతి తేల్చడానికి 1983లో ఐరాస్, తర్వాత వైజ్ ఉపగ్రహాలు గ్రహశకలాల వేడిని పరారుణ కాంతిలో కొలిచాయి.

అయితే హెచ్ కూడా తప్పొచ్చు. ఆకాశాన్ని జల్లెడ పట్టే సర్వేలకు ముఖ్యం స్థానం. వెలుగును పక్కన రాసి పంపేవారు, పట్టికలు దాన్నే తీసుకునేవి. చెక్ శాస్త్రజ్ఞుడు పెట్ర్ ప్రావెట్స్, సహచరులు అయిదు వందలకు పైగా గ్రహశకలాల వెలుగును జాగ్రత్తగా కొలిచి 2012లో పోల్చారు. చిన్నవాటి విషయంలో పట్టికలు సగటున దాదాపు 0.4 మాగ్నిట్యూడ్ ఎక్కువ వెలుగు చూపుతున్నాయి. అదే పరావర్తనంతో సైజు కడితే అది ఐదో వంతు పెద్దదిగా వస్తుంది. పేరు రాకపోయినా ఇలా కూర్చుని పాత అంకెలను సరిచేసేవాళ్లకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

వెలుగు కొలత ఎంత దూరం వచ్చిందో 2022లో చూశాం. సెప్టెంబరు 26న నాసా డార్ట్ నౌక డిడిమోస్ అనే గ్రహశకలం చుట్టూ తిరిగే చిన్న గ్రహశకలం డైమోర్ఫోస్‌ను, దాని ప్రదక్షిణను మార్చడానికి ఢీకొట్టింది. అప్పుడది భూమికి కోటీ పది లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. టెలిస్కోపులో ఆ రెండూ కలిసి ఒకే చుక్క. చిన్నది పెద్దదాని ముందు నుంచీ వెనక నుంచీ వెళ్లిన ప్రతిసారీ ఆ చుక్క వెలుగు కాస్త తగ్గుతుంది. ముందు నుంచి వెళ్లినప్పటి తగ్గుదల మళ్లీ వచ్చేదాకా పట్టే కాలమే దాని ప్రదక్షిణ కాలం. ఢీకొనక ముందు 11 గంటల 55 నిమిషాలు. నాసా పెట్టుకున్న కనీస లక్ష్యం 73 సెకన్ల మార్పు. తర్వాతి రాత్రుల్లో భూమి మీది టెలిస్కోపులు మళ్లీ మళ్లీ కొలిస్తే 11 గంటల 23 నిమిషాలని తేలింది.