ముద్ర ఉంది కదా, నమ్మేద్దామా?

ఈ ఎపిసోడ్ మా పిన్ని కొడుకు పంపిన వాట్సాప్ మెసేజ్‌తో మొదలైంది. వాడిది ధర్మవరం, బీటెక్ ఫైనలియర్. "అన్నా, అమెరికాలో ఎంఎస్‌కి ఎస్‌వోపీ రాసిస్తారంట, అక్కడికి పోయినాక అసైన్‌మెంట్లు కూడా చేసిస్తారంట. సైటు సేఫే అన్నా, కింద అన్ని ముద్రలూ ఉండాయి చూడు" అని లింకు పెట్టినాడు.

చూశాను. నిజంగానే ముద్రలు వరసగా ఉన్నాయి. ఒక యాంటీవైరస్ గుర్తు, "వంద శాతం సురక్షితం" అని రాసిన డాలు బొమ్మ, ఒక తాళం, కార్డుల లోగోలు, ఐదుకి 4.9 స్టార్లు. ఒక్కోదాన్ని నొక్కి చూశా, ఏదీ తెరుచుకోలేదు. కోడ్ తీసి చూస్తే ఐదూ కలిపి ఒకే ఒక ఇమేజ్ ఫైలు. దాని పక్కన "ఈరోజు తనిఖీ అయింది" అని తేదీ. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలుసా? నా ఫోన్లోంచే. ఫోన్లో తేదీ రేపటికి మార్చి పేజీ మళ్లీ తెరిచాను. రేపటి తనిఖీ కూడా పాసైపోయింది!

నవ్వొచ్చింది. కానీ వాడు కట్టబోయేది వాళ్ల నాయన డబ్బులు. అందుకే ఈ ముద్రల చరిత్ర చెప్పాలనిపించింది.

ముందు మన ఊరి ముద్ర గురించి చెప్తా. అనంతపురంలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. శెనక్కాయ పంటంతా దాని మీదే. జూన్, జులైలో పదును దొరికినప్పుడు విత్తనం వెయ్యాలి. అది మొలవకపోతే ఇంకోసారి వేద్దామంటే వాన ఆగదు కదా. ఆ ఏడాది పోయినట్టే. అందుకే విత్తన మూటకి ఉన్న ట్యాగు అంత ముఖ్యం. 1966 విత్తన చట్టం కింద వచ్చిన పద్ధతి ఇది. సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగు, ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగు. వేరుశనగ సర్టిఫైడ్ విత్తనమైతే మొలక కనీసం 70 శాతం ఉండాలి.

అంటే ఆ ట్యాగు "ఇది మంచిది" అని ఊరికే చెప్పట్లేదు. ఎవరు పరీక్షించారు, ఏం పరీక్షించారు, ఎంత వచ్చింది అనేది చెప్తోంది. తేడా వస్తే ఆ లాట్ నంబరు పట్టుకుని వెళ్లి అడగొచ్చు. శిక్ష మాత్రం చిన్నదే, ఆ చట్టంలో మొదటి తప్పుకి 500 రూపాయల దాకా జరిమానా. అందుకేనేమో, మా అవ్వ ట్యాగు చూసినాక కూడా నూరు గింజలు లెక్కబెట్టి తడి గోనెసంచిలో చుట్టి పెట్టేది. నాలుగైదు రోజులకి విప్పి, ఎన్ని మొలిచినాయో లెక్కబెట్టేది.

ఇప్పుడు ఇంటర్నెట్‌కి వద్దాం. ఆన్‌లైన్ షాపింగ్ మొదలైన రోజుల్లో, మొహం తెలియని సైటుకి కార్డు నంబరు ఇవ్వాలంటే అందరికీ భయమే. ఆ భయాన్ని పోగొట్టే వ్యాపారం ఒకటి పుట్టింది. 1997లో అమెరికాలో ట్రస్ట్‌ఈ అనే సంస్థ వచ్చింది. మీ సైటు ప్రైవసీ పద్ధతుల్ని మేం చూస్తాం, బాగుంటే మా ముద్ర పెట్టుకోండి, ఏటా మళ్లీ చూస్తాం అన్నారు. ఆలోచన మంచిదే. చిక్కు ఎక్కడంటే, ముద్రకి డబ్బు కట్టేది దాన్ని చూసి నమ్మేవాడు కాదు, పెట్టుకునేవాడు.

2006లో బెంజమిన్ ఎడెల్మన్ అనే పరిశోధకుడు లెక్క తీశాడు. ఆ ముద్ర ఉన్న సైట్లలో నమ్మకూడనివి, ముద్ర లేనివాటితో పోలిస్తే రెట్టింపు కంటే ఎక్కువ! ఎందుకు? అందరికీ తెలిసిన పెద్ద కంపెనీకి ముద్రతో పెద్దగా పనిలేదు. పేరు లేనివాడికే అది అవసరం. తనిఖీ గట్టిగా లేకపోతే మొదట దూరేది వాడే.

2014లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అదే సంస్థ మీద కేసు పెట్టింది. 2006 నుంచి 2013 మధ్య వెయ్యికి పైగా సందర్భాల్లో ఏటా చెయ్యాల్సిన తనిఖీ చెయ్యలేదని. 2 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. అంతకుముందు 2010లో కంట్రోల్‌స్కాన్ అనే కంపెనీ కేసు. వాళ్ల ముద్ర మీద రోజూ తేదీ మారేది, తనిఖీ మాత్రం రోజూ జరిగేది కాదు. మా తమ్ముడు పంపిన సైటులో కనిపించిన ట్రిక్కే ఇది. వాళ్లు తనిఖీ కొంతైనా చేశారు, వీళ్లు ఆ ఖర్చు కూడా పెట్టుకోలేదు.

ఇంక తాళం గుర్తు. మీ ఫోన్‌కీ ఆ సైటుకీ మధ్య మాట ఇంకెవరికీ వినపడదని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది మంచోడా దొంగా అన్నది దానికి తెలీదు. గూగుల్ 2021లో అడిగి చూస్తే ఆ గుర్తు అసలు అర్థం సరిగ్గా చెప్పినవాళ్లు 11 శాతమే. దొంగ సైట్లకి కూడా తాళం ఉంటోంది కాబట్టి 2023 సెప్టెంబర్‌లో క్రోమ్‌లో ఆ గుర్తే తీసేశారు.

సరే, ఈ ఉత్తుత్తి ముద్రలు ఎస్సేలు రాసిచ్చే సైట్లలో ఇంత ధైర్యంగా ఎలా నిలబడతాయి? ఒకసారి ఆలోచించండి. చెప్పులు కొని మోసపోతే గొడవ చేస్తాం. అసైన్‌మెంట్ కొని మోసపోతే ఎవరికి చెప్తాం? కాలేజీకా? ఆస్ట్రేలియా 2020లో, ఇంగ్లండ్ 2022లో ఈ వ్యాపారాన్ని చట్టంతో నేరం చేశాయి. ఇంకా డబ్బివ్వకపోతే మీ యూనివర్సిటీకి చెప్తామని స్టూడెంట్లనే బెదిరించిన సందర్భాలున్నాయి. నోరు విప్పలేని కస్టమర్ దొరికితే బొమ్మ ముద్ర చాలు.

ఇది మన తెలుగువాళ్లకి కొత్త కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీని మూసేశారు. సుమారు 1,500 మంది విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. నడిపినావిడకి 2014లో పదహారేళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

తర్వాతది ఇంకా ఘోరం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. చక్కటి వెబ్‌సైటు, యూనివర్సిటీ ముద్ర, గుర్తింపు ఉందన్న మాట, ప్రభుత్వం ఆమోదించిన కాలేజీల లిస్టులో పేరు. నొక్కి చూసినా, వెతికి చూసినా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేనివి రెండే: క్లాసులు, లెక్చరర్లు. ఎందుకంటే దాన్ని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ అధికారులే! 2019 జనవరి ఆఖర్లో మొదట అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. క్లాసులుండవని తెలిసే చేరారన్నది ప్రభుత్వ వాదన. ఫీజు కట్టించుకుని మమ్మల్ని మోసం చేశారని కొందరు విద్యార్థులు కోర్టుకెళ్లారు. 2024లో అప్పీలు కోర్టు ఆ కేసు నడవొచ్చని చెప్పింది.

దీంట్లో ఎవరిది ఎంత తప్పన్నది కోర్టులు చూసుకుంటాయి. నేను చెప్పేది ఇంతే. అక్కడ ముద్రని తనిఖీ చేసినా దొరికేది కాదు. "క్లాసు ఏ గదిలో? చెప్పేదెవరు?" అని అడిగితే దొరికేది. అంటే అవ్వ తడి గోనెసంచి పరీక్ష. ట్యాగు చదవాల్సిందే, కానీ గింజని కూడా చూడాలి.

కాబట్టి ముద్ర కనపడితే మూడు ప్రశ్నలు. ఇచ్చిందెవరు, వాళ్ల సొంత సైటులో ఈ పేరు కనిపిస్తోందా? వాళ్లు పరీక్షించింది ఏంటి? తేడా వస్తే నేను బయటికొచ్చి ఫిర్యాదు చెయ్యగలనా? మూడోదానికి జవాబు "లేదు" అయితే మొదటి రెండూ అడగక్కర్లేదు, బయటికొచ్చేయండి. ఇప్పటికే డబ్బు పోయిందంటే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

మా తమ్ముడికి ఇదంతా చెప్పాను. "అయితే నేనే రాయాలా అన్నా?" అన్నాడు. అవున్రా, నువ్వే రాయాలి, ఇంగ్లీషు తప్పులు నేను దిద్దుతా అన్నా. నిన్న రాత్రి మొదటి పేరా పంపించాడు. తప్పులున్నాయి, కానీ వాడిదే.

మళ్లీ కలుద్దాం.