వంపులు కోయు రంపము

కొయ్యను సూటిగా కోయుట వడ్రంగమున తొలి పాఠము. గీచిన గీత మెలిక తిరిగిన చోటనెల్ల దానివెంట మెలిక తిరుగుచు కోయుట మాత్రము చిరసాధనవలన గాని అలవడని విద్య. వెడల్పయిన బ్లేడు గల రంపము తాను కోసిన చాలులోనే చిక్కుకొని ప్రక్కకు మరలజాలదు. మరలవలెనన్నచో బ్లేడు సన్నము కావలెను. సన్నమైనది ఒత్తిడికి వంగును, వంగి విరుగును. ఈ చిక్కునకు పనివారు శతాబ్దములపాటు వెదకిన పరిష్కారముల కథయే నేడు చేతబట్టి వాడెడి విద్యుత్ జిగ్‌సాకు పూర్వచరిత్ర. ఆ కథ నెఱిగినవానికి ఆ యంత్రమును వాడుకొను నియమములు కంఠస్థము చేయవలసిన ఆజ్ఞలుగా గాక, దాని నిర్మాణమునుండి సహజముగా పుట్టిన ఫలితములుగా తోచునని నా నమ్మకము.

అతిసన్నని బ్లేడును లోతైన చట్రమున రెండు కొసలను బిగించి లాగిపట్టుట తొలి పరిష్కారము. ఫ్రాన్సు దేశమున పదునాలుగవ లూయీ కొలువులో పేరుగన్న ఆంద్రే షార్ల్ బూల్ తాబేటిచిప్పను ఇత్తడిరేకును ఒకదానిపై నొకటి అంటించి, లతలను పువ్వులను రెంటిలోను ఒక్కమారుగా కోసి, ఇత్తడి లతను చిప్పలోను చిప్ప లతను ఇత్తడిలోను పొదిగి, ఒక్క కోతకు రెండు చిత్రములు సాధించిన వాడు. 1760 తరువాతి యేండ్లలో లండనునందు జాన్ స్పిల్స్‌బరీ దేశపటములను పలకల కంటించి, దేశముల యెల్లల వెంబడి ముక్కలుగా కోసి, పిల్లలకు భూగోళము నేర్పు సాధనములుగా అమ్మెను. నేటి జిగ్‌సా పజిలునకు మూలమదియే.

పందొమ్మిదవ శతాబ్దమున ఈ చట్రము బల్లపై కెక్కెను. అమెరికాలోని రాక్‌ఫర్డ్ పట్టణమున బార్న్స్ సోదరులు కాలితో త్రొక్కి నడపు రంపపుబల్లలను చేసి అమ్మిరి. ఆ దేశపు కొయ్యయిండ్ల వసారాలను చూరులను అలంకరించిన నగిషీలలో అనేకము అట్టి యంత్రములపై పుట్టినవే. కాని చేతిరంపమైనను బల్లరంపమైనను చట్రపు లోతును మించి కోత సాగదు. పలక ఎంత పెద్దదైనను బల్లరంపము వద్దకు పలకయే రావలెను.

ఈ సంకెలను తెంచినది స్విట్జర్లాండు. సోలోథుర్న్ పట్టణమున 1917లో స్థాపితమై, ఇంజనులకు నిప్పురవ్వ నందించు మాగ్నెటోలను చేయుచుండిన సింటిల్లా సంస్థలో ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అను ఇంజనీరుండెను. 1946లో అతడు భార్య కుట్టుమిషను సూదిని తీసి, ఆ చోట రంపపు బ్లేడును బిగించి, పైకి క్రిందికి ఆడు ఆ చలనము కొయ్యను కోయజాలునని కనుగొనెనని చెప్పుదురు. మరుసటి యేట ఆ సంస్థ లెస్టో అను పేర చేతి జిగ్‌సాను విపణికి తెచ్చెను. 1954లో సింటిల్లా జర్మనీకి చెందిన బాష్ సంస్థ చేతిలోనికి వచ్చెను.

ఇందలి మార్పు చిన్నదిగా తోచినను దాని ఫలితము గొప్పది. బ్లేడునకు పైకొస మాత్రమే యంత్రమున బిగియగా, క్రిందికొస స్వేచ్ఛ పొందెను. అందుచేత పలక నడుమ బరమాతో ఒక బెజ్జము చేసి, అందు బ్లేడును దింపి, అంచును తాకకయే లోపలి ఖాళీని కోసి తీయవచ్చును. యంత్రమే పలకపై నడచును గాన చట్రపు లోతు అను హద్దు లేదు. అయితే లాగిపట్టు రెండవ కొస లేని బ్లేడు మందమైన కొయ్యలో ప్రక్కకు ఒరగును. పైన గీత తప్పకున్నను అడుగున కోత వాలిపోవును. బలవంతముగా ముందునకు త్రోసినకొలది ఈ దోషము హెచ్చును. కావున యంత్రము తన వేగమున కోయుచుండగా చేయి దానికి దారి చూపవలెనే గాని నెట్టరాదు. మలుపు మరీ ఇఱుకైనచో ముందుగా వ్యర్థభాగమున అడ్డుకోతలు కోసి బ్లేడు తిరుగుటకు చోటు కల్పింపవలెను.

రెండవ భేదము పండ్ల దిశయందు గలదు. బల్లరంపపు పండ్లు క్రిందిదెసకు కోయుచు కొయ్యను బల్లకు అదుముచుండును. జిగ్‌సాకు బల్ల లేదు గాన, దాని సాధారణపు బ్లేడ్ల పండ్లు పైకి చూచుచు, పైకి లేచునపుడే కోసి, యంత్రపు అడుగురేకును పలకకు లాగికొనును. ఆ రేకును పలకపై గట్టిగా ఆన్చనిచో యంత్రము ఎగిరి పడును. పైకి కోయుటచేత పెచ్చులు పైముఖముననే లేచును. అందుచేతనే సొగసైన ముఖమును క్రిందికుంచి వెనుకవైపున గీత గీచుకొనుట అనుభవజ్ఞుల పద్ధతి. పలుచని రేకును కోయునపుడు ఒకేమారు రెండుమూడు పండ్లయినను దాని మందములో నుండునట్టి సన్నపండ్ల బ్లేడును ఎన్నుకొనవలెను. లేనిచో పండ్లు తగులుకొని రేకును చింపును.

మూడవది అత్యంత ముఖ్యము. స్వేచ్ఛ పొందిన ఆ క్రిందికొస పలక అడుగున, కంటికి కానరాక ఆడుచుండును. ఎడమచేత పలకను అడుగునుండి పట్టుకొనువాడు ఆ కొస త్రోవలో వ్రేళ్లు పెట్టినవాడే యగును. పలకను క్లాంపులతో బిగించి, రెండు చేతులను పైననే ఉంచినవానికి ఆ భయము లేదు. మీట వదలిన తరువాతను బ్లేడు కొన్ని క్షణములు ఆడును గనుక, అది పూర్తిగా ఆగకముందే యంత్రమును ఎత్తరాదు.

ప్లైవుడ్ బీరువాలును అలమారలును ఇంటింట వెలయుచున్న ఈ కాలమున మన తెలుగునాట వడ్రంగి చేతిలో రంపము ప్రక్కన జిగ్‌సాయు చేరినది. ఒక పూట పనిని ఒక గడియలో ముగించు ఈ యంత్రమును బ్రతుకుతెరువుగా జేసికొన్న యువకులకు నా విన్నపమొక్కటే: బ్లేడు మార్చునపుడెల్ల ప్లగ్గు తీయుడు, కన్నులకు అద్దములును ముక్కునకు మాస్కును ధరింపుడు, పని మొదలిడుటకు ముందు పలక అడుగున ఏమున్నదో ఒక్కమారు వంగి చూడుడు.