దిద్దుబాటు గీత: పుట్టుపూర్వోత్తరములు

పలకమీద పంతులుగారు వ్రాసి యిచ్చిన అక్షరముపై బలపముతో పదే పదే వ్రాయుటను మనవారు దిద్దుట యందురు. వ్రాసినదానిలోని తప్పును సవరించుటను గూడ దిద్దుట యనియే యందురు. నుదుట తిలకము తీర్చుటయు దిద్దుటయే. అభ్యాసమునకు, దోషనివారణమునకు, అలంకారమునకు ఒక్క క్రియతోనే పని గడుపుకొన్న భాష మనది. కనుక చిత్రలేఖనవిద్య, అందునను మనుష్యాకృతిని గీయు విద్య, ఎట్లు వృద్ధినొందుచు వచ్చినదో చెప్పబూనినవాడు ఈ మాటనే పట్టుకొని బయలుదేరుట మేలని నాకు తోచినది.

తోచుటకు కారణము మా మేనకోడలు. ఆమె ఉద్యోగము వేరు. రాత్రి భోజనములైన పిదప నల్లని పలకవంటి టాబ్లెట్టు నొకదానిని ఒడిలో నుంచుకొని ప్లాస్టిక్కు కలముతో బొమ్మలు వేయుచుండును. మొన్నటి సంక్రాంతికి మా యింటికి వచ్చినపుడు, ఎడమ చంకన నీళ్లబిందె నెత్తుకొని నిలిచిన స్త్రీమూర్తిని గీసి, వేరొక యూర నున్న తన గురువుగారికి పంపినది. మరునాటికి బొమ్మ తిరిగి వచ్చెను. దానిపై ఎఱ్ఱని గీతలు నాలుగు. "అయ్యో, అంత బొమ్మనూ పాడుచేశాడేమే!" అంటిని. "పాడేం కాలేదు మామయ్యా, ఆయన వేరే లేయర్ మీద గీశారు. ఈ కన్ను గుర్తు నొక్కితే పోతాయి, మళ్ళీ నొక్కితే వస్తాయి. బిందె ఎడమ చంకలో ఉంటే ఒళ్ళు కుడికి వాలాలిట, నేను బిందె వైపే వాల్చేశాను" అన్నది. నిజమే. మా యూరి చెరువుగట్టున చిన్ననాటినుండి చూచుచున్న భంగిమ యది. నేనును ఏనాడు గమనించిన పాపమున బోలేదు.

కన్ను నొక్కిన మాయమై, మరల నొక్కిన ప్రత్యక్షమగు ఆ యెఱ్ఱగీతకు వంశవృక్షము చాల పెద్దది. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ప్లినీ యను రోమను పండితుడు తన ప్రకృతిచరిత్రలో అపెల్లీసు అను గ్రీకు చిత్రకారుని గూర్చి రెండు సంగతులు చెప్పినాడు. ఎంత పనియొత్తిడి యున్నను ఒక్క గీతయైన గీయక ఆయన దినము గడపలేదనునది మొదటిది. రెండవది, వేసిన పటమును వీథిలో బోవువారు చూచునట్లు పెట్టి, తాను వెనుక దాగి, వారి మాటలు వినెడివాడనునది. చెప్పులు కుట్టువాడొకడు పటములోని పాదరక్షకు ఒక ముడి తక్కువైనదనగా ఆయన ఆ రాత్రియే దిద్దెనట. మరునాడు అతడే కాలి వంక వ్రేలు చూపగా, చెప్పుకు మించి పైకి పోవలదని మందలించెనట. నాకు మాత్రము ఈ కథలో చెప్పులవానియందే అభిమానము మెండు. పాదమునకు తగిన చెప్పు చేయగలవాడు కాలినెముక నెరుగనివా డెట్లగును?

మన దేశమున ఈ విద్యకు ప్రాచీనశాస్త్రము విష్ణుధర్మోత్తరపురాణము తృతీయఖండములోని చిత్రసూత్రము. వజ్రుడను రాజునకు మార్కండేయుడు చెప్పినట్లున్న ఆ భాగము మనుష్యాకృతిని ముందుగా కొలతకు తెచ్చును: హంసపురుషుని ఎత్తు 108 అంగుళములు, భద్రునిది 106, మాలవ్యునిది 104, రుచకునిది 100, శశకునిది 90. పండ్రెండంగుళముల ముఖమొక తాలమైనపుడు 108 అంగుళములనగా నవతాలము. కాని కొలతలతో బొమ్మకు ప్రాణము రాదని ఆ శాస్త్రకారున కెరుకయే. అందుచేతనే ఎదుట నిలిచినది మొదలు వెన్ను చూపి నిలిచినది వరకు తొమ్మిది స్థానములను, దూరపు అవయవము కుదిసి దగ్గరిది పెరిగి కనబడు క్షయవృద్ధులను నిరూపించి, నృత్త మెరుగనివానికి చిత్రసూత్రము దుర్గ్రాహ్యమనెను. పటమును చూచువారిలో ఆచార్యులు రేఖను, విచక్షణులు వెలుగునీడలను, స్త్రీలు భూషణములను, తక్కినవారు రంగులను మెచ్చుకొందురని చెప్పుటయు అక్కడనే. ఎవరి విమర్శను ఎంతవరకు గైకొనవలయునో తెలియుట కిది నేటికిని పనికివచ్చు పట్టిక. భూషణములను స్త్రీలకు అంటగట్టుట మాత్రము మా మేనకోడలు ఒప్పుకొనదు.

కాళిదాసు ఈ చిత్రవిమర్శనే నాటకరంగమున కెక్కించినాడు. మాళవిక పటమును చూచి అంత సౌందర్యముండునా యని సందేహించిన అగ్నిమిత్రుడు, ఆమెను ప్రత్యక్షముగ చూచిన పిదప చిత్రకారుని ఏకాగ్రతయే సడలినదని తప్పుపట్టును. శాకుంతలము ఆఱవ యంకమున దుష్యంతుడు తన చిత్రమునందు ఇంకను వేయవలసినవి యేకరువు పెట్టుచుండగా, ఖాళీస్థలమంతయు గడ్డాల తాపసులతో నింపునేమో యని విదూషకుడు గొణుగుకొనును. మిత్రుని విమర్శ అట్లే యుండును.

ఇటలీలో 1400 ప్రాంతమున చెన్నీనో చెన్నీనీ యను చిత్రకారుడు వృత్తిరహస్యముల గ్రంథ మొకటి రచించినాడు. క్రొత్తగా చేరిన శిష్యుడు జేనెడు చెక్కపలకను తీసికొని, కాల్చి నూరిన ఎముకల పొడిని ఉమ్మితో కలిపి దానికి పూసి, వెండి మొనగల పుల్లతో ఏడాదిపాటు గీయవలయునని అందు విధించెను; పలక నిండినపుడు మరల పూత పూసికొనవచ్చును. ఉమ్మితో పలక తుడిచినందుకు బడిలో దెబ్బలు తిన్న మన తరమువారు ఆ గ్రంథము నాడే చదివియున్న ఎంత బాగుండెడిదో! శతాబ్దము దాటక మునుపే లియొనార్డో డా వించీ మఱొక యుపాయము కనిపెట్టెను: తన పటమును అద్దములో చూచుకొనిన ఎడమకుడులు తారుమారై అది పరుని పటమువలె తోచుననియు, అప్పుడు తప్పులు తమంతట తామే బయటపడుననియు. నేటి చిత్రలేఖన సాఫ్టువేరులలో పెక్కింటను పటమును అడ్డముగ త్రిప్పి చూపు మీట యున్నది. ఐదువందల యేండ్లనాటి అద్దమే అది.

1648లో పారిసున రాజాదరణతో వెలసిన అకాడమీ ఈ దిద్దుబాటును ఒక క్రమమునకు తెచ్చెను. శిష్యుడు మొదట పెద్దల చిత్రములకు ప్రతులు గీయవలయును, పిదప సుద్దప్రతిమలను, వానిలో చేయి తిరిగిన తరువాతనే సజీవముగ నిలిచిన మోడలును. ఆచార్యుడు వంతులవారీగ వచ్చి కాగితముమీదనే సరియైన గీతను గీసి పోవును. లండనులో 1768లో స్థాపితమైన రాయల్ అకాడమీయు ఇదే బాట పట్టెను. అచ్చటి స్థాపకసభ్యులలో ఏంజెలికా కాఫ్మన్, మేరీ మోసర్ అను స్త్రీ లిద్దరుండిరి. కాని నగ్నమైన మోడలు నిలుచు గదిలో స్త్రీకి ప్రవేశము లేదు. జోఫనీ యను చిత్రకారుడు ఆ గదిలో సభ్యులు కొలువుతీరినట్లు పటము వేసినపుడు ఈ యిద్దఱిని మనుష్యులుగ గాక గోడకు వ్రేలాడు పటములుగ వేసి మర్యాద కాపాడుకొనెను! ఆ బడిలో విద్యార్థినిగ మొదట చేరిన లారా హెర్ఫర్డ్, 1860లో తన బొమ్మలపై పేరులో మొదటి యక్షరము మాత్రమే వ్రాసి పంపి, పురుషుడనుకొన్న పరీక్షకులచే నెగ్గినది. కొంత వస్త్రము కప్పుకొన్న మోడలును గీయుటకైన అచ్చటి స్త్రీలు 1893 వరకు వేచియుండవలసి వచ్చెను. అమెరికాలో థామస్ ఈకిన్స్ స్త్రీలున్న తరగతిలో మోడలు గోచిని తొలగించినందుకు 1886లో ఉద్యోగము నుండి తప్పుకొనవలసి వచ్చెను. దేహము నెరుగక దేహమును గీయుమని శాసించిన ఆ వ్యవస్థ స్త్రీలకు పూలగుత్తులను, పండ్లబుట్టలను వదలిపెట్టి, పిమ్మట పూలగుత్తులు దప్ప వారికేమియు రాదని యెత్తిపొడిచినది. దిద్దువాడు లేకపోవుటకన్న దిద్దుకొను నవకాశమే లేకపోవుట పెద్ద దారిద్ర్యము.

గురువు లేనివారికి పుస్తకమే గురువైన సందర్భము లున్నవి. షార్ల్ బార్గ్ అనునతడు జెరోము అను చిత్రకారుని సాయముతో 1866 మొదలు 1871 లోపల వెలువరించిన చిత్రలేఖనపాఠములలో 197 పలకలుండెను. ఇరువది యేడేండ్ల వయసున చిత్రకారుడు కానెంచిన వాన్ గో, 1880లో బొగ్గుగనుల పల్లెలో కూర్చుండి ఆ పలకలను మన పిల్లలు ఓనమాలు దిద్దినట్లు దిద్దినాడు. 1890లో, బ్రతుకు కడపటి యేట, మరల వానిని చేతబట్టినాడు. న్యూయార్కులో కిమోన్ నికొలాయిడీస్ అను బోధకుడు వేరు త్రోవ త్రొక్కెను. అవయవములను గాక అవి చేయుచున్న పనిని ముందు గీయుమని, నిమిషమైన గడవక ముందే భంగిమ మార్చి శిష్యుల నుఱుకులు పెట్టించెను. ఆయన మరణానంతరము 1941లో వెలువడిన గ్రంథమున, తొలి 5000 తప్పులను ఎంత వేగముగ చేసిన అంత వేగముగ దిద్దుకొనవచ్చునని విద్యార్థికి ధైర్యము చెప్పినాడు. నృత్తము తెలియనిదే చిత్రము తెలియదన్న మార్కండేయుని మాట కిది న్యూయార్కు భాష్యము.

తెలుగుదేశమున ఈ విద్యకు మొదటి ఫలము దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరమున జన్మించిన ఆ బాలుని చేతిలోని రేఖాబలమును అచ్చటి కళాశాలాధ్యక్షుడు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించి, దిద్ది, బొంబాయి జే.జే. కళాశాలకు పంపెను. గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆధ్వర్యమున సజీవమైన మోడలును చూచి గీయు తరగతి అచ్చట ప్రారంభమైనది ఆ దినములలోనే. కొలతను సాలమన్ శాలలో నేర్చియు, రేఖను అజంతావైపు త్రిప్పుకొన్న రామారావు తిరిగి వచ్చి, గోదావరి యొడ్డున శిష్యులను చేరదీసి, 1925లో మశూచికము సోకి ఇరువది యెనిమిదేండ్లు నిండకమునుపే గతించెను. ఆయన గీతలు చూచినవారికి మిగిలిన కాలమున ఏమేమి చేసియుండునో యను వేదన తప్పదు.

ఇక యంత్రము. 1963లో మసాచుసెట్సున ఐవాన్ సదర్లాండ్ అను విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రాము నిర్మించి, వెలుగు కలముతో కంప్యూటరు తెరపై గీతలు గీసెను. వంకరగ గీసిన గీతలను, సమాంతరములుగ నుండవలయునని ఆజ్ఞాపించిన తోడనే, యంత్రమే దిద్దెడిది! జ్యామితిని దిద్దగలిగెను గాని చంకలో బిందె బరువు దానికి తెలియదు. మరుసటి యేడు ర్యాండ్ సంస్థవారు పదంగుళముల చదరపు టాబ్లెట్టును రూపొందించిరి; దాని వెల 18,000 డాలర్లు. చేయి బల్లమీద, చూపు తెరమీద నుండు ఆ విడ్డూరము నేటి ప్రారంభకుని గూడ వారముల తరబడి తికమకపెట్టును. 1973లో జెరాక్సు పరిశోధనాలయమున రిచర్డ్ షూప్ చేసిన సూపర్‌పెయింట్ రంగుల నిచ్చెను. 1983లో జపానున స్థాపితమైన వాకామ్ సంస్థ, తీగయు బ్యాటరీయు లేని కలమును తెచ్చినది. ఒత్తిడినిబట్టి సన్నమై, లావై, గీత మరల చేతిదైనది. ఆచార్యులు మెచ్చు రేఖకు యంత్రములో చోటు దొరకినది అప్పుడే.

అంతకన్న ముఖ్యమైనవి రెండు. 1984లో వచ్చిన మ్యాక్‌పెయింటులో చివరి గీతను వెనుకకు తీసికొను వెసులుబాటు ఉండెను, ఒక్క అడుగే. 1990లో వెలువడిన ఫొటోషాపులో గూడ 1998 వరకు అంతే. నేడు వందల యడుగులు వెనుకకు పోవచ్చును. శ్రీకాళహస్తి కలంకారీ పనివాడు చింతబొగ్గుతో రూపమును గీసికొని, ఇనుమును బెల్లపునీళ్లలో నానబెట్టి తీసిన నల్లని రసములో కలము ముంచి గుడ్డకు తాకించినంతనే ఆ గీత శాశ్వతము. అందుచేత తాకించుటకు ముందు అతని చేయి ఒక క్షణము ఆగును. వెనుకడుగు మీట ఆ క్షణమును హరించినది. అదియు దిద్దుబాటే యందురు గాని నే నొప్పుకొనను. కంటబడక ముందే మాయమైన తప్పు ఎవరికిని పాఠము చెప్పదు.

రెండవది పొర, అనగా మేనకోడలు చెప్పిన లేయరు. 1994లో ఫొటోషాపు మూడవ కూర్పున వచ్చిన ఈ యుపాయము, పారదర్శకపు సెల్యులాయిడు రేకులపై బొమ్మలు వేసి ఒకదానిపై నొకటి పేర్చిన కార్టూను చిత్రములవారికి 1910ల నుండియు తెలిసినదే. పారిసు ఆచార్యుడు శిష్యుని కాగితముమీద గీసిన గీత శిష్యుని గీతను కప్పివేసెడిది. ఎవరిది ఏదో మఱునాటికి తెలియదు. పొరమీద గీసినపుడో, తప్పును ఒప్పును ఒకే నెలవున, ఒకే కొలతతో నిలుచును. కన్ను నొక్కి పోల్చుకొనవచ్చును. డేవిడ్ హాక్నీ 2009లో ఐఫోనుమీదను, పిదప ఐప్యాడుమీదను గీయ మొదలిడినపుడు, తాను వేసిన గీతలను యంత్రము వరుసగ మరల వేసి చూపగా, తాను గీయుచుండగా తన్ను తాను చూచుట అదే తొలిసారి యని ఆశ్చర్యపోయెను. అపెల్లీసు పటము వెనుక దాగి విన్నాడు; ఈయన తన వెనుక తానే నిలిచి చూచినాడు.

మా మేనకోడలు ఆ స్త్రీమూర్తిని ఏడుసార్లు గీసినది. నాలుగవసారి గొంతుగుంట నుండి బ్రహ్మసూత్రమును, అనగా నిట్టనిలువు గీతను, దించి చూడగా అది బరువు మోయు కాలి మడమకు చేరలేదు; ఏడవసారి చేరినది. మీ యింట బొమ్మలు వేయు పిల్లలున్నచో, వారు చూపినపుడు "బాగుంది" అని ఊరుకొనకుడు. బరువు ఏ కాలిమీద నున్నదో అడుగుడు.